ఏడుపు దక్కని పుర్రె

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

మనిషి నీడ మనిషి కాళ్ల కిందే ముడుచుకుపోయే ఘడియ అది. కానీ ఆ రోజు ఆ కొండ మీద ఎవరికీ నీడ లేదు... ఎందుకంటే సూర్యుడే లేడు! కాటుక రంగు మేఘాలు కొండ నెత్తిన తిష్ఠ వేశాయి. లోయలోంచి పొగమంచు పాకుతూ పైకి వస్తోంది. ఎక్కడో ఉరుము... దానికి జవాబుగా పట్టపగలు గుడ్లగూబ కూత! ఒకసారి... రెండుసార్లు... మూడోసారి కూయబోయి, ఎవరో గొంతు నులిమినట్టు ఆగిపోయింది.

మూతపడిన పలకరాతి గని ముందు, కప్పు సగం కూలిన పాత షెడ్డులో నల్లకంబళివాడు కూర్చుని ఉన్నాడు. అతని అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఏడేళ్ల కిందట ఎక్కడినుంచో వచ్చి ఆ షెడ్డులో చేరాడు. ఎంత ఎండ కాసినా భుజం మీది కంబళి తీయడు. అతను వీధిలోకి దిగితే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకుంటారు. అతను చూసిన ఆవు పాలివ్వదని, అతను తిట్టిన మనిషి నెల తిరక్కుండా మంచం పడతాడని చెప్పుకుంటారు. అందులో సగం పుకారే. మిగతా సగమే భయంకరం.

అతని ఎదుట, బూడిదతో గీసిన మండలం మధ్యలో... ఒక కపాలం!

"నీకోసం ఎవరైనా ఏడ్చారా?" పుర్రె కళ్లగుంటల్లోకి చూస్తూ అడిగాడు మాంత్రికుడు. "ఒక్క చుక్క? నీ పెళ్లాం? నీ కూతురు? ఎవ్వరూ లేరు! అందుకేరా నువ్వు నావాడివి!"

ఘోరమైన ఆ విద్యలో ఒక నియమం ఉంది. పోయినవాళ్ల కోసం అయినవాళ్లు ఏడిస్తే, ఆ ఏడుపు దారి చూపించి ఆ ప్రాణాన్ని సాగనంపుతుంది. ఏడుపు దక్కని ప్రాణం ఎక్కడికీ పోలేదు. ఎముకల్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ఎముకలు ఎవరి చేతికి చిక్కితే వాడికి బానిస!

గని వెనక గాలి కోసం తవ్విన ఇరుకు బిలంలోంచి పాములా లోపలికి పాకి, రాళ్ల కింద అతను సంపాదించిన పుర్రె అది. ఏడేళ్లు దానిమీద సాధన చేశాడు. ఇప్పుడు ఇనుప చువ్వ ఎత్తి దాని నుదుటి మీద కొట్టాడు. టక్... టక్... టక్... టక్... ఆగాడు. మళ్లీ ఒక్కటి. టక్!

సరిగ్గా అదే క్షణంలో, కింద ఊళ్లోని చిన్న లైబ్రరీలో, బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్న ఒక అమ్మాయి చేతిలోంచి కలం జారిపోయింది. ఆమె పిడికిలి బిగుసుకుంది. దానంతట అదే లేచింది. బల్ల మీద నాలుగు దెబ్బలు... ఆగి, ఒకటి!

ఇక్కడ కాస్త ఊరి చరిత్ర చెప్పాలి. చెప్పకపోతే మీకు మిగతా కథ తలకెక్కదు. చెబితే ఆ ఊరివాళ్లకి నచ్చదు. నచ్చకపోతే మానె.

ఆ ఊరు పుట్టిందే పలకరాయి వల్ల. కొండ కడుపులో పొరలుపొరలుగా ఉన్న నల్లరాతిని చీల్చి ఇంటి కప్పులకి, బడి పలకలకి పంపేవాళ్లు. నాలుగు వీధులు, అన్నీ ఏటవాలే. పై వీధిలో వాళ్ల గుమ్మం, కింది వీధిలో వాళ్ల కప్పు ఒకే ఎత్తులో ఉంటాయి. కాబట్టి పైవాళ్ల గొడవలన్నీ కిందివాళ్లకి కంఠతా వచ్చు. మగాళ్లందరూ గనిలోకి, ఆడాళ్లు షెడ్డులో రాయి చీల్చడానికి. అందరి గోళ్లలోనూ అదే నల్లపొడి.

గనిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి మనిషికీ అరచేతిలో పట్టేంత పలకబిళ్ల ఒకటి, దానిమీద అతని గుర్తు. లోపలికి వెళ్లేటప్పుడు గని నోటి దగ్గర చెక్కకి బిళ్ల తగిలించాలి. బయటికి రాగానే తీసి ఇచ్చేయాలి. చెక్క మీద బిళ్ల ఉందంటే మనిషి లోపల ఉన్నాడు. చెక్క ఖాళీ అయితే గని ఖాళీ. ఇంకో పద్ధతి కూడా ఉండేది. లోపల ఎవరైనా చిక్కుకుంటే రాతి మీద కొట్టాలి, నాలుగు దెబ్బలు, ఆగి ఒకటి. 'మనిషిని ఉన్నాను, ప్రాణంతో ఉన్నాను' అని దానికి అర్థం.

బిళ్లల చెక్క చూసుకునే ఆమెని అందరూ బిళ్లలమ్మ అనేవాళ్లు. లైబ్రరీ అమ్మాయి ఆమె కూతురే. బిళ్లలమ్మ భర్త గనిలో సుత్తిపని చేసేవాడు. బండలాంటి మనిషి, వెన్నలాంటి మనసు, జల్లెడలాంటి బుర్ర. బయటికి వస్తూ బిళ్ల తీయడం మర్చిపోయేవాడు. మనిషి లోపలే ఉండిపోయాడని జనం దీపాలు పట్టుకుని గనంతా వెతుకుతుంటే, ఆయన ఇంట్లో కాళ్లు చాపుకుని కూతుర్ని పొట్ట మీద ఆడిస్తూ కనిపించేవాడు. రెండుసార్లు అలా అయ్యాక మేస్త్రీ బిళ్లలమ్మ మీద ఎగిరాడు. "మొగుడి బిళ్ల కూడా చూసుకోలేవా?" అని. అప్పటినుంచి ఆయన గని నోట్లోంచి కనబడగానే ఆ బిళ్ల ఆమే తీసేసేది.

బిళ్ల ఒక్కటే కాదు, అన్నం డబ్బా కూడా మర్చిపోయేవాడు. ఆ రోజు పొద్దున దానిమీదే రభస. "రెండు రోజులైంది డబ్బా లోపల పారేసి. ఇవాళ అది లేకుండా వస్తే గుమ్మం తొక్కనివ్వను!" అంది. కింది వీధి వాళ్లందరూ విన్నారు.

ఆ సాయంత్రమే గని కూలింది. పని ముగిసి అందరూ బయటపడ్డాక. చెక్క ఖాళీ. ఒక్క ప్రాణం పోలేదని ఊరు ఊపిరి పీల్చుకుంది. బిళ్లలమ్మ మొగుడు మాత్రం ఇంటికి రాలేదు. "బయటికి రావడం నా కళ్లతో చూశాను" అంది ఆమె. పొద్దున గొడవ అందరికీ తెలుసు. ఇంకేం, పెళ్లాం నోటికి జడిసి పారిపోయాడన్నారు. తర్వాత మూడు రోజులు కొండ లోపల్నుంచి ఏదో చప్పుడు వినిపించింది. జనం చెక్క వైపు చూశారు, ఖాళీగా ఉంది. "రాయి సర్దుకుంటోంది" అన్నారు.

చెవి కంటే చెక్కనే నమ్మిన ఊరు అది.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఊరికి నూరేళ్లు నిండుతున్నాయని, ఊరి చరిత్ర పుస్తకంగా రాసే పని లైబ్రరీ అమ్మాయికి అప్పగించారు. గని పాత రిజిస్టరులో తండ్రి గుర్తు పక్కన ఉన్న మాటని ఆమె తన చేతి రాతతోనే పుస్తకంలోకి ఎక్కించింది. 'పని వదిలి, ఇల్లు వదిలి వెళ్లిపోయాడు.' పారిపోయినవాడి కూతురన్న మాట వినీ వినీ ఆ అమ్మాయి రాయైపోయింది. గని ఆనవాళ్లు చూడ్డానికి కిందటి వారం షెడ్డుకి వెళ్లింది. అక్కడ నల్లకంబళివాడు ఆమె ముఖం చూశాడు... ఆ దవడ, ఆ నుదురు... ఏడేళ్లుగా తన ఒళ్లో ఉన్న పుర్రెదే! పకపకా నవ్వి, ఆమె నుదుట చిటికెడు బూడిద పులిమాడు.

లైబ్రరీలో కలం జారిన ఆ మధ్యాహ్నం నుంచి అమ్మాయి ఆ అమ్మాయి కాదు.

ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. తిండి లేదు, నిద్ర లేదు. గోడ మీద నాలుగు దెబ్బలు, ఆగి ఒకటి... వేళ్ల కణుపులు పగిలి గోడ సున్నం ఎర్రబడినా చెయ్యి ఆగలేదు! కాంపౌండరు వచ్చి నరాల బలహీనత అన్నాడు. ఇచ్చిన మాత్ర ఆమె నోట్లోనే నల్లగా మాడిపోవడం చూసి, సంచీ కూడా అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

రెండో రోజు ముసలి మేస్త్రీ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. కర్ర చేతిలోంచి జారింది.

"చెల్లెమ్మా... ఈ కొట్టుడు దీనికి ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదన్నా."

"నేను విన్నాను ఇది. గని కూలినప్పుడు... మూడు రోజులు..."

"రాయి సర్దుకుంటోందన్నావు నువ్వు."

"అందరం అన్నాం." ముసలాయన గడప మీద కూలబడ్డాడు. "వాడు బయటికి రావడం నువ్వు చూశావు కదా? నిజం చెప్పు, చూశావు కదా?"

బిళ్లలమ్మ కూతురి చేతికి తడిగుడ్డ చుడుతూ ఉండిపోయింది. "చూశాను" అంది చివరికి. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు.

మూడో రోజు... మిట్టమధ్యాహ్నం!

దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము! మంచం మీది అమ్మాయి కీలుబొమ్మలా లేచి నిలబడింది. వాకిలి దాటింది. రాతి మెట్ల మీద చేతి రక్తం చుక్కలుగా రాలుస్తూ గని వైపు నడిచింది. "అమ్మడూ! ఆగవే! అమ్మడూ!" అని వెంటపడి చెయ్యి పట్టుకున్న తల్లిని చీపురుపుల్లలా విసిరికొట్టింది. బిళ్లలమ్మ లేచింది, మళ్లీ పరిగెత్తింది. మేస్త్రీ, అతని వెనక పాత గనివాళ్లు, రాయి చీల్చిన ఆడాళ్లు, ఊరి జనం ప్రాణాలు అరచేత పట్టుకుని కదిలారు.

షెడ్డు ముందు నల్లకంబళివాడు పుర్రెని నెత్తిన పెట్టుకుని తాండవిస్తున్నాడు. కంబళి గాలికి లేస్తోంది. మంచు అతని చుట్టూ సుడి తిరుగుతోంది!

"రా! తండ్రి రక్తమా, రా! పిలువు వాణ్ని!" గర్జించాడు. "కూతురు పిలిస్తే ఆగే తండ్రి లేడు! కొండని లోపల్నుంచి భుజం పెట్టి తోస్తాడు! ముందు నువ్వు, తర్వాత నీ ఊరు... నాలుగు వీధులూ ఒక్క క్షణంలో నేలమట్టం! ఏడ్వడానికి ఒక్కడు మిగలడు! ఆ పుర్రెలన్నీ నావే... అన్నీ నావే!"

అమ్మాయి గని నోటికి ఎదురుగా నిలబడింది. పెదవులు విడివడ్డాయి. నాలుగేళ్ల వయసు నుంచి ఒక్కసారి కూడా ఆ నోట పలకని మాట బయటికొచ్చింది.

"నాన్నా..."

కొండ మూలిగింది! పైనుంచి రాళ్లు దొర్లాయి. ఊళ్లో కప్పుల మీద పలకలన్నీ ఒక్కసారి గలగలలాడాయి. బిళ్లలమ్మ పాక్కుంటూ పోయి కూతురి కాళ్లు చుట్టేసుకుంది. అప్పుడు ఆ కూతురి గొంతులోంచే, బొంగురుగా, దుమ్ము పట్టిన ఒక మగ గొంతు పలికింది.

"ఏమే... డబ్బా దొరికింది. ఈసారి మర్చిపోలేదు."

బిళ్లలమ్మ ఇరవై ఏళ్లు ఆ మాట వినబడుతుందేమోనని భయపడింది. ఇరవై ఏళ్లు ఆ గొంతు కోసం చచ్చిపోయింది.

"చీకటిగా ఉందే. కొడుతున్నాను, ఎవరికీ వినబడట్లేదు. నువ్వు వస్తావులే. మర్చిపోయేది నేను కదా... నువ్వు కాదు కదా."

"తొయ్యి!" మాంత్రికుడు చువ్వతో పుర్రెని కొట్టాడు. దెబ్బ పుర్రెకి, రక్తం అమ్మాయి ముక్కులోంచి! "మాటలొద్దు, తొయ్యి!" అంతలో అతని కళ్లు బిళ్లలమ్మ ముఖం మీద పడ్డాయి. ఆ రెప్పల అంచున ఏదో మెరుస్తోంది. మొదటిసారి నల్లకంబళివాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏయ్! ఏడవకు! చుక్క రాలిందో, నీ కూతురి నాలుక కాల్చేస్తాను! పారిపోయినవాడి కోసం ఏడుస్తావేంటే?"

"పారిపోలేదు!"

ఆ అరుపుకి మంచు కూడా నిలిచిపోయింది.

"పారిపోలేదయ్యా నా మొగుడు! బయటికొచ్చాడు, నేను బిళ్ల తీశాను. నేను తిట్టానని, డబ్బా కోసం మళ్లీ లోపలికెళ్లాడు. నా వెనకనుంచే వెళ్లాడు, నేను చూడలేదు! మూడో రోజు గుర్తొచ్చింది, బయటికొచ్చినప్పుడు ఆయన చేతిలో డబ్బా లేదని. అప్పుడు తెలిసింది నాకు. ఆ కొట్టేది ఎవరో తెలిసింది!" ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "నీ ఇంటి దాకా వచ్చానన్నా. తలుపు కొట్టబోయి ఆగిపోయాను. నా కళ్లతో చూశానని అందరి ముందు ఒట్టేశాను కదా. బిళ్ల తీసి మనిషిని చంపిందంటారని, జైల్లో పెడతారని, పిల్ల దిక్కులేనిదైపోతుందని... ఒక్క పూట భయపడ్డాను. ఒక్క పూటే! తెల్లారి వద్దామనుకున్నాను. తెల్లారేసరికి చప్పుడు ఆగిపోయింది."

ఆమె మళ్లీ కూతురి వైపు, ఆ గొంతులోని మొగుడి వైపు తిరిగింది.

"ఏడిస్తే తెలిసిపోతుందని ఏడవలేదు నేను. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఏడవలేదు. నా పిల్ల నిన్ను తిడుతుంటే వింటూ కూర్చున్నాను. విన్నావా? నేను రాలేదు! నాకు తెలిసి కూడా నేను రాలేదు!"

కూతురి పెదవులు కదిలాయి. అదే దుమ్ము గొంతు, కానీ ఇప్పుడు మెత్తగా, ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడినట్టు.

"పోనీలే... ఇప్పుడు వచ్చావుగా."

అంతే! ఇరవై ఏళ్లు బండరాయి కింద నొక్కిపెట్టిన ఏడుపు కట్టలు తెంచుకుంది. మాటలు లేకుండా, నేల మీద తల బాదుకుంటూ ఏడ్చింది ఆ ఇల్లాలు. మేస్త్రీ మోకాళ్ల మీద పడ్డాడు. "ఒరేయ్ తమ్ముడూ, విన్నాన్రా! వినీ రాలేదురా!" అని గుండె బాదుకున్నాడు. వెనకున్న ముసలివాళ్లందరూ ఆడా మగా తేడా లేకుండా భోరుమన్నారు. ఏడుపు దక్కని మనిషికి ఊరు ఊరంతా ఏడ్చింది!

ఫెళ్... ఫెళ్... ఫెళ్! మాంత్రికుడి నెత్తి మీద పుర్రె అడ్డంగా పగిలింది. అందులోంచి వెచ్చని గాలి ఒకటి లేచి, అమ్మాయి జుట్టు ఒకసారి నిమిరినట్టు కదిలించి, మబ్బుల్లోకి వెళ్లిపోయింది.

బానిస పోయాడు. కానీ ఇచ్చిన ఆజ్ఞ మిగిలింది! 'తొయ్యి' అన్న మాట తిరిగొచ్చి అన్నవాడి మీదే పడింది. నల్లకంబళివాడి కాళ్ల కింద నేల నోరు తెరిచింది. కంబళి చిరుగులుగా ఎగిరింది. "కాపాడండి! ఎవరైనా..." అని అరిచిన అరుపు సగంలోనే తెగిపోయింది. షెడ్డు, మండలం, బూడిద, మాంత్రికుడు, అన్నిటినీ కొండ గుటుక్కున మింగి నోరు మూసుకుంది! ఇతని కోసం ఏడ్చేవాళ్లు లోకంలో ఒక్కరూ లేరు. ఆ నియమం అతనికి బాగా తెలిసిందే.

మబ్బు విడిపోయింది. ఎండ వచ్చింది. అమ్మాయి తల్లి ఒళ్లో కళ్లు తెరిచింది.

"అమ్మడూ! తల్లీ! నేనే... అమ్మని!" అంది బిళ్లలమ్మ.

అమ్మాయి తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా ఆ చేతుల్ని తన మీదినుంచి తీసి పక్కన పెట్టింది. అప్పుడు అర్థమైంది బిళ్లలమ్మకి. ఆ గొంతు వెనక, లోపల ఉండి కూతురు కూడా అంతా విన్నది.

పదకొండు రోజులు తవ్వారు. ఎవరూ కూలి అడగలేదు. మిగతా ఎముకలు దొరికాయి. పక్కన సొట్టపోయిన అన్నం డబ్బా, దాని చుట్టూ బిగించిన చేతి ఎముకలు దొరికాయి. ఊరంతా వెంట నడిచి మట్టి చేశారు. అమ్మాయి తండ్రి తల వైపు నిలబడింది, తల్లి కాళ్ల వైపు. మధ్యలో ఒక మనిషి పొడవు దూరం. ఆ దూరం ఇంటికి వచ్చాక కూడా తగ్గలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి చరిత్ర పుస్తకం ముందు వేసుకుంది. తాను రాసిన వాక్యాన్ని కొట్టేసి, 'గని కూలి మరణించాడు. మూడు రోజులు ప్రాణాలతో ఉన్నాడు. ఊరందరికీ వినబడింది' అని రాసింది. కలం అక్కడ ఆగింది.

"నా సంగతి కూడా రాయి" అంది బిళ్లలమ్మ గుమ్మంలో నిలబడి. "దాచొద్దు. ఉన్నదున్నట్టు రాయి."

అమ్మాయి తల ఎత్తలేదు. కన్నీళ్లు కాగితం మీద పడుతుంటే అరచేత్తో తుడుస్తూ మాట్లాడింది.

"ఆయన నిన్ను ఒక్క మాటతో క్షమించేశాడు. ఆయన మనసు అలాంటిది. నేను ఆయనలా కాదు. ఎలా అవుతాను? ఆయన్ని నాకు తెలియనిచ్చావా నువ్వు? బడిలో తండ్రి ఎవరని అడిగితే చచ్చాడని చెప్పేదాన్ని, పారిపోయాడని చెప్పడానికి సిగ్గేసి. మనసులో మాత్రం రోజూ తిట్టేదాన్ని. ఇరవై ఏళ్లు తిట్టాను. మా కోసం చీకట్లో చేతులు పగిలేలా కొట్టుకున్న మనిషిని తిట్టాను. ఇప్పుడు ఎవరి కాళ్లు పట్టుకుని క్షమించమనాలి నేను? చెప్పు. నువ్వు చేసిన దానికి నీకు జవాబు దొరికింది. నాకు ఎవరు చెప్తారు?"

బిళ్లలమ్మ కూతురి తల మీద చెయ్యి వేయాలని ముందుకి చాపి, గాలిలోనే ఆపేసింది. కూతురి ప్రాణం దక్కింది. అమ్మా అని పిలిపించుకునే భాగ్యం మాత్రం ఆ కొండలోనే పోయిందని ఆ తల్లికి తెలిసిపోయింది.

దీపం వెలిగించి కూతురి బల్ల మీద పెట్టింది. రాసుకోవడానికి వెలుతురు చాలుతుందో లేదోనని ఒత్తి కాస్త పెంచింది. తర్వాత వెళ్లి గోడకి ఆనుకుని కూర్చుంది. కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వింటూ, తన గురించి కూతురు ఏం రాస్తోందో అడగకుండా, అలాగే కూర్చుండిపోయింది.